కబురేమైనా ఉందా అని అడగను

మార్చి 3, మంగళవారం

ఈ రోజు నుంచి హేజెల్‌ని అడగను. ఖాయం!

మా అమ్మాయి హేజెల్‌కి డాక్టర్లు చెప్పిన కాన్పు తేదీ రేపే. నిన్న ఫోన్లో తెగేసి చెప్పింది. "నాన్నా, రోజుకు నాలుగుసార్లు 'కబురేమైనా ఉందా' అంటే నాకు పిచ్చెక్కుతోంది. ఇక ఒక్కసారి కూడా అడక్కపోతే, బిడ్డ పుట్టగానే మొదటి ఫోను నీకే. అడిగావో, మా అత్తగారికి!"

అత్తగారంటే గ్లెనిస్, మా అల్లుడు టోబీ తల్లి, మా వియ్యపురాలు. ఆవిడకు నాకంటే ముందు తెలియడమా? జరగనివ్వను.

నియమాలు: ఫోను చేయను. మెసేజ్ పెట్టను. వాళ్ల వీధి గుమ్మం తొక్కను.

నలభై ఏళ్లు స్టేషన్లో మైకు ముందు కూర్చున్నవాణ్ణి. రైలెప్పుడని అడిగిన ప్రతివాడికీ ఓపిక పట్టమని చెప్పినవాణ్ణి. ఇదొక లెక్కా!

మార్చి 4

ఉ. 7:00. అడగలేదు.

9:00. అడగలేదు.

11:30. తోటలో చిక్కుడు గింజలు నాటాను. మనసు హాయిగా ఉంది.

సా. 6:00. అడగలేదు! మా ఆవిడ నోరీన్‌కి చెబితే, "నేనూ అడగలేదు. డైరీ రాశానా?" అంది.

మార్చి 5

ఉ. 10:15. హేజెల్‌కి చిన్న మెసేజ్: "మా నిచ్చెన మీ ఇంట్లో ఉందా?"

10:16. జవాబు: "లేదు. బిడ్డా ఇంకా లేదు."

నేనడిగింది నిచ్చెన గురించి. రెండోది తనంతట తను చెప్పింది. కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

"నిచ్చెన గ్యారేజీలో ఉందిగా రోలండ్. మొన్నేగా ఎక్కావ్," అంది నోరీన్. మర్చిపోయాను. వయసు మీద పడుతోంది కదా.

మార్చి 6

పక్కింటివాళ్ల కుక్కను షికారు తిప్పుతానన్నాను. కుక్కకు హేజెల్ వాళ్ల వీధి నచ్చింది. నేనేం చేయను?

మొదటిసారి: పైన బాత్రూంలో లైటు వెలుగుతోంది.

రెండోసారి: ఆరిపోయింది! ఆసుపత్రికి వెళ్లారా?

మూడోసారి: కిటికీ తెరుచుకుంది. "నాన్నా! పాపం, ఆ కుక్క కాళ్లు పడిపోయేట్టున్నాయ్. ఇంటికి తీసుకెళ్లు!"

నోరు తెరిచి నేను ఒక్క ముక్క అడగలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మార్చి 7

మా ఇంగ్లీషు వింత భాష. రైలు ఆలస్యమైతే బోర్డు మీద 'ఎక్స్‌పెక్టెడ్' అని వేస్తాం. కడుపుతో ఉన్న పిల్లను 'ఎక్స్‌పెక్టింగ్' అంటాం. రెండింటికీ ఎదురుచూడటమే పని, ఎప్పుడన్నది మాత్రం ఎవడికీ తెలియదు.

ఈ రోజు పెన్షన్ వాళ్ల కాగితం వచ్చింది. అందులోనూ అదే మాట! నా వయసు మగవాడి లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ ఇంకో పదిహేడేళ్లట. ఇంతకుముందు ఇలాంటివి చదవకుండా పారేసేవాణ్ణి. ఈసారి కూర్చుని లెక్కేశాను. బిడ్డ ఆలస్యం చేసే ప్రతి రోజూ నా పదిహేడేళ్లలోంచే పోతోంది. ఇది అన్యాయం కాదా?

టీ చల్లారిపోయింది.

మార్చి 9

ఉ. 10:00. గ్లెనిస్ ఫోను. "ఏమండీ రోలండ్ గారూ, కబురేమైనా తెలిసిందా?"

"పిల్లను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అని గంభీరంగా అన్నాను. పెట్టేశాక గంతులేశాను. ఆవిడకూ తెలీదు!

10:10. నిజంగా తెలీదా? తెలిసే నన్ను ఆటపట్టిస్తోందా?

10:20. గొంతు మార్చి హేజెల్‌కి ఫోను చేశాను. "మేడమ్, మీకు పార్సెల్ ఉందండీ. ఇంట్లోనే ఉంటారా, ఆసుపత్రికేమైనా వెళ్తున్నారా?"



"నాన్నా. నలభై ఏళ్లు రైళ్లు పిలిచిన గొంతది. ఊళ్లో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. అయిపోయింది. మొదటి ఫోను అత్తయ్యకే!"

ఫోను కట్. మళ్లీ చేస్తే స్విచాఫ్.

హేజెల్ పుట్టిన రోజు విపరీతంగా మంచు. పదకొండు రైళ్లు ఆలస్యం. నేను మైకు వదిలి కదల్లేకపోయాను. కూతురు పుట్టిందని నాకు ఎనిమిది గంటల తర్వాత తెలిసింది, అదీ మా అత్తగారి నోట. అప్పటికి ఊరంతా బిడ్డను చూసేసింది. ఈసారైనా ముందు నాకు తెలియాలని ఆశపడ్డాను. నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను. ఏడుపొస్తోంది.

మార్చి 10

మ. 1:00. నోరీన్ వండిన మాంసం కూర గిన్నె పట్టుకుని క్షమాపణకు వెళ్లాను. ఒక్క ప్రశ్న కూడా అడగనని దారంతా ఒట్టు పెట్టుకున్నాను.

1:10. హేజెల్ తలుపు తీసింది. మొహం ఎర్రగా ఉంది. తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది.

"కూర తెచ్చానమ్మా," అన్నాను.

"ఊఁ."

"వేడిగానే ఉంది."

"నాన్నా! అడగవేం?"

"అడగను తల్లీ. నిర్ణయించుకున్నాను."

"ఓరి దేవుడా! ఆరు నిమిషాలకోసారి నొప్పొస్తోంది! టోబీ ఇంకా రైల్లోనే ఉన్నాడు! ఇప్పుడైనా అడుగు నాన్నా!"

కూర గిన్నె మెట్ల మీదే వదిలేశాను. కారు తీశాను. ఆసుపత్రి దారిలో హేజెల్ నా చేయి పట్టుకునే ఉంది, గేరు మార్చాల్సినప్పుడు కూడా.

సా. 5:52. ఆడపిల్ల! తలుపు అవతల నుంచి ఏడుపు వినిపించింది. అప్పటికి టోబీ లోపలికి చేరాడు, నేను వరండాలో ఒక్కణ్ణే. నాకెవరూ ఫోను చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు.

5:53. గ్లెనిస్‌కి నేనే చెప్పాను. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాపం, మంచి మనిషి.

మార్చి 12

పాప ఇంటికొచ్చింది. ఆరు వారాలకు గానీ నవ్వదని నర్సు చెప్పిందట. హేజెల్ ముందే హెచ్చరించింది. "నాన్నా, 'నవ్విందా, నవ్విందా' అని రోజూ ప్రాణం తీయకు."

ఈ రోజు నుంచి హేజెల్‌ని అడగను. ఖాయం! ఫోను చేయను, మెసేజ్ పెట్టను.

సా. 4:00. పాపను నా ఒళ్లో పెట్టి హేజెల్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. అటూ ఇటూ చూసి, వంగి, పాప చెవిలో మెల్లగా అడిగాను. "ఎప్పుడు నవ్వుతావమ్మా?"