అక్కయమ్మ గదిలో

బెంగళూరు, మంగళవారం

అమ్మకు, నేను క్షేమం. ఫోన్లో మాట సరిగా వినపడక నువ్వు కంగారుపడ్డావని ఈ కార్డు. మందులకు లొంగని ఇన్ఫెక్షన్ వచ్చింది నాకు కాదు, నేను డ్యూటీ చేసే వార్డులోని అక్కయమ్మకు. మోకాలి ఆపరేషన్ తర్వాత పుండు మానక జ్వరం పట్టుకుంది. ఏ యాంటీబయాటిక్ ఇచ్చినా పనిచేయలేదు. మిగతా రోగులకు అంటకుండా విడిగా ఒక గదిలో ఉంచాము. ఆమె భర్త ఆవులప్ప తలుపు దగ్గరే నిలబడి, "లోపలికి పోనీమ్మా, ఒక్కతే ఉండాది" అన్నాడు. గౌను, గ్లౌజులు, మాస్కు తొడిగి పంపాను. ఆ వేషం చూసి ఆమె బెదిరిపోయి, "ఎవురప్పా నువ్వు?" అంది. "నేనే, ఆవులప్పని" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. గొంతు గుర్తుపట్టి ఏడ్చింది.

చివరగా మార్చిన మందుకు నిన్న జ్వరం తగ్గింది. ఆ మందును ఆమె కిడ్నీలు తట్టుకుంటాయో లేదో ఇంకా చెప్పలేము.

నాన్న దగ్గుకు షాపులో అడిగి మాత్రలు తేవద్దు, డాక్టరుకు చూపించు. రాచెల్ అక్కను పురిటికి ఎప్పుడు తీసుకొస్తున్నారు? నా నీలం స్వెట్టర్ ఎవరైనా వస్తుంటే పంపు.

ఆదివారం ప్రార్థనలో అక్కయమ్మ పేరు చెప్పు. "మీ అమ్మతో కూడా మొక్కించమ్మా" అని ఆవులప్ప అడిగాడు. చెబుతావని మాటిచ్చాను. దేవుని కాపుదల మీ అందరికీ ఉండాలి.

నీ రెబెకా