నిట్టాడు మీద పందొమ్మిది గాట్లు

ఖమ్మం,
3-2-2025

పగిడయ్యకు,

అందరూ క్షేమమని తలుస్తాను. మీ దగ్గర ఫోను మోగాలంటే గుట్టెక్కాలి. నువ్వు గుట్టెక్కేసరికి నా ఓపిక దిగిపోతుంది. అందుకే బస్సు కండక్టర్ రామ్‌చందర్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

మామగారు కట్టిన బంగళాను పర్ణశాల యాత్రికులకు విడిదిగా మారుస్తున్నాను. వెనకున్న పొగాకు బ్యారన్, గాదె, పశువుల కొట్టం కంటపడితే వచ్చినవాళ్లకు అన్నం సయించదు. ఉగాదిలోగా మూడూ కూలగొట్టించు. కొట్టం ఉన్నచోట కార్లు పెట్టాలి. దాని చూరు కింద నువ్వూ నీ భార్య భీమక్కా ఉంటున్నారని తెలుసు. ఊళ్లో ఎక్కడైనా ఒక గది చూసుకోండి.

ఇట్లు,
ప్రమీలారాణి

తా.క.: కూల్చేటప్పుడు బంగళా మీద దుమ్ము పడనీయకు. అది పాతకాలపు కట్టడం.

*

10-2-2025

అమ్మగారికి పగిడయ్య నమస్కారాలు.

మీ ఉత్తరం భీమక్కకు చదివి వినిపించాను. “గీ వయసుల కిరాయి ఇంటికి పోవుడేంది?” అని పొయ్యి ముందే కూలబడింది. ఆ పూట కూర మాడింది. నాకూ ముద్ద దిగలేదు, అది మాడినందుకు కాదు.

కూల్చేముందు వాటి సంగతి కాస్త వినండి. బ్యారన్‌ను మీ మామగారు డెబ్బై నాలుగులో కట్టారు. మొదటిసారి పొగాకు ఆరబెట్టినప్పుడు మంట ఎక్కువై, ఆకుతోపాటు కప్పు కూడా కాలింది. ఇప్పుడున్నది రెండో కప్పు. గాదెకు మేస్త్రీ తలుపు పెట్టడం మరిచి గోడలు లేపాడు. కిటికీనే తలుపు అనుకోమన్నాడు. యాభై ఏళ్లుగా పాక్కుంటూ వెళ్లి వడ్లు తెస్తున్నాం.

దయచేసి కొట్టం మాత్రం ఉండనివ్వండి.

మీ
పగిడయ్య

తా.క.: బంగళా పాతదే. అరవై ఎనిమిదిలో మా నాయన వెంట ఇటుకలు మోశాను. అప్పుడు నాకు పదేళ్లు.

*

ఖమ్మం,
18-2-2025

పగిడయ్యకు,

గునపం కింద పెట్టు! ఒక్క ఇటుక కదిలినా ఊరుకోను.

నూరేళ్ల కట్టడం ఉన్న ఆవరణకు ఒక కమిటీ వాళ్లు ‘వారసత్వ విడిది’ అని బోర్డు ఇస్తారట. బోర్డుంటే యాత్రికులు ఎగబడతారు. మన బంగళాకు యాభై ఏడేళ్లే. నూరేళ్లది ఇంకేదైనా ఉంటే, ఆ పుణ్యాన బంగళా కూడా గట్టెక్కుతుంది.

నువ్వు రాసిందాన్ని కొంచెం సరిచేశాను. బ్యారన్‌ను శత్రువులు తగలబెట్టారు. గాదెకు తలుపు లేకపోవడం దొంగల నుంచి రక్షణ కోసం. అయినా వయసు చాలడం లేదు. కొట్టం సంగతి ఎందుకు రాయలేదు? ఇంకా వెనక్కి వెళ్లు. రుజువు కావాలి.

ఇట్లు,
ప్రమీలారాణి

తా.క.: గది వెతకడం ప్రస్తుతానికి ఆపండి.

*

27-2-2025

అమ్మగారికి నమస్కారాలు.

మీరు అడగలేదు గనక రాయలేదు. ఆవరణలో అన్నిటికంటే పాతది కొట్టమే. మధ్యన మద్ది నిట్టాడు ఉంది. కప్పు బరువంతా మోసేది ఆ స్తంభమే. పెళ్లయినప్పుడల్లా పెళ్లికొడుకు గొడ్డలితో దానికి ఒక గాటు పెట్టడం ఆనవాయితీ. పందొమ్మిది గాట్లున్నాయి. ఏది ఎవరిదో భీమక్క వేలు పెట్టి చెబుతుంది. పేర్లు కావాలంటే రాస్తాను.

మీ
పగిడయ్య

తా.క.: ఎర్రెద్దు రోజూ ఆ నిట్టాడుకే వీపు గోక్కుంటుంది. కింది గాట్లు అందుకే అరిగాయి. అది వారసత్వమని ఎద్దుకు ఎలా చెప్పాలో రాయగలరు.

*

ఖమ్మం,
8-3-2025

పగిడయ్యకు,

నీ నోట్లో చక్కెర పోయ! పందొమ్మిది పెళ్లిళ్లంటే నూరేళ్లకు తక్కువుండదు. పేర్లు అక్కర్లేదు. మా వంశం పేర్లు నాకు తెలియవా?

మామగారు అరవై ఎనిమిదిలోనే ఇటు వచ్చారని అందరూ అంటారు. అంతకుముందు వాళ్ల పెద్దలు వేటకు వచ్చి ఉంటారు. వచ్చినవాళ్లు పెళ్లిళ్లు కూడా ఇక్కడే చేసుకుని ఉంటారు. “ఆ గాట్లు ఏ ఇంటి పెళ్లిళ్లవో, ఈ ఆవరణకు మూలం ఆ ఇల్లే. వారసత్వం వారిదే” అని రాసి, సంతకం పెట్టి కమిటీకి పంపాను. వాళ్లు వచ్చినప్పుడు నేను ఉండను, పెళ్లికి వెళుతున్నాను. భీమక్కను ఉన్నదున్నట్టు చెప్పమను.

ఇట్లు,
ప్రమీలారాణి

తా.క.: ఎద్దును బెదిరించు.

*

5-6-2025

మా ఇంటి ఆవరణలో బంగళా ఉన్న ప్రమీలారాణమ్మగారికి,

పగిడయ్య నమస్కరించి రాయునది. కమిటీ వాళ్లు వచ్చి వెళ్లారు. భీమక్క మీరు చెప్పినట్టే ఉన్నదున్నట్టు చెప్పింది.

“గిది మా మామది. గిది మా మామ తాతది. గీ పైది మాదే. గాటు పెట్టబోతే గొడ్డలి జారి కాలు మీద పడ్డది, కుంటుకుంట పీటలెక్కిండు” అని నా పరువు కూడా వాళ్ల పుస్తకంలోకి ఎక్కించింది.

“మరి ఆ బంగళా ఏమిటి?” అని వాళ్లడిగారు.

“అదా? అది మా ఇంటి పక్కన తర్వాత లేసింది.”

అంతా రాసుకున్నారు. అరవై ఎనిమిదిలో మీ మామగారు ఎద్దుల జతతో వస్తే మా నాయన, మీరు కొట్టమంటున్న ఈ ఇంట్లోనే చోటిచ్చాడు. బంగళా లేచాక, ఎద్దులు తడుస్తున్నాయి, ఈ ఒక్క వానాకాలానికి మీ ఇంట్లో కట్టుకుంటానన్నారు. ఎద్దులు లోపలికి వచ్చాయి, మేం చూరు కిందికి వచ్చాం. ఆ వానాకాలం యాభై ఏడేళ్లు కురిసింది.

రుజువేదని నేనే అడిగాను. మీ సంతకం చూపించారు. నిన్న బోర్డు వచ్చింది. మూలగృహం: పగిడయ్య ఇల్లు. అనుబంధ కట్టడాలు: బ్యారన్, గాదె, బంగళా. కింద మా నాయన పేరు కూడా ఉంది. చదువుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

మీరు బెంగపడకండి. బంగళాను ఎవరూ కూల్చమనలేదు. “పాపం, ఉండనియ్” అంది భీమక్క.

ఇట్లు,
పగిడయ్య

తా.క.: వారసత్వ కట్టడంలో పశువుల్ని కట్టకూడదట. పైన మబ్బు పట్టింది. ఎద్దుల్ని మీ బంగళా వరండాలో కట్టేశాను. ఈ ఒక్క వానాకాలానికే.