వేషం అక్కర్లేని సినిమా

ముంచింగిపుట్టు,
ఆదివారం.

సోనికి,

నీ అప్ప గంగ రాస్తున్నది. ఆశీస్సులతో మొదలుపెట్టడం పెద్దదాని మర్యాద కనుక అవి అందుకో. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని నేను వేరే అడగక్కర్లేదు. సంతలో మిరియాలు కొనే షావుకారు దగ్గర్నుంచి మా బడి వంటమనిషి దాకా సినిమానటి భానుశ్రీ ఏం కట్టుకుందో, ఎక్కడికి వెళ్ళిందో నాకు చెబుతూనే ఉన్నారు. ఆవిడ నా చెల్లెలని వాళ్ళకు తెలియదు. మన ఊరివాళ్ళకు తెలుసు. అమ్మ వద్దన్నదని వాళ్ళు కొండ దిగి ఆ మాట ఎక్కడా అనరు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నీ నంబరు రాకుండా ఎందుకు చేశావని అడిగావు. నీ సినిమా చూసి హాల్లోంచి బయటికి వస్తూనే చేశాను. నీ గొంతు వింటే ఏం అనేస్తానో అని భయపడి చేశాను. ఉత్తరంలో అయితే ఒక మాట రాసి, కొట్టేసి, ఇంకో మాట రాయవచ్చు. ఇప్పటికే రెండు కాగితాలు చింపాను.

సినిమా ఎలా ఉంది అప్పా, నిజం చెప్పు అని రాశావు. చెబుతాను. కాస్త వెనక నుంచి చెబుతాను.

నీ సినిమాల్లో నేను చూడనిది లేదు. మీ బావ ఉద్యోగం మొన్నటి దాకా పార్వతీపురంలో కావడం వల్ల సెలవులకు వెళ్ళినప్పుడల్లా హాల్లో చూశాను. హాల్లో పోయినవి ఫోనులో చూశాను. మొదటి సినిమాలో హీరోయిన్ వెనక పూలబుట్ట పట్టుకుని నిలబడ్డావు, ఒక్క మాట లేదు. తరువాత గుడ్డి పాటగత్తెవు అయ్యావు. కళ్ళు తెరిచి ఉంచి దేన్నీ చూడకుండా ఎలా ఉందని మీ బావ ఇంటికి వచ్చే దాకా అడుగుతూనే ఉన్నాడు. పోలీసు ఇన్‌స్పెక్టరువు అయ్యావు. మొగుడికి విషం పెట్టి, అదే పొయ్యి మీద అట్టు వేసుకుని నింపాదిగా తిన్న ఇల్లాలివి అయ్యావు. ఆ సినిమా చూసిన ఆడవాళ్ళు నిన్ను నిజంగానే తిట్టారు. రాణివి అయ్యావు. తల నెరిసిన ముసలమ్మవు అయ్యావు. ఒక్క ముఖంలో ఇన్ని బతుకులు ఎలా పట్టాయని పేపర్లవాళ్ళు రాశారు.

ఎలా పట్టాయో నాకు తెలుసు. పోలీసువై నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డది అమ్మ. తూకంలో మోసం చేసే షావుకారు ముందు సంతలో అమ్మ అలాగే నిలబడేది. రాణివై మెట్లు దిగిన నడక, ఊటనీళ్ళ కుండతో గట్టు దిగే మన పిన్నిది. ముసలమ్మవై నవ్వే ముందు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నది మన నాయనమ్మ. గుడ్డిదానివై తలుపు కోసం గోడ తడిమిన ఆ చెయ్యి నాన్నది. చూపు పోయాక ఆయన ఎలా వెతుక్కునేవాడో నువ్వు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చి చూశావు. హాల్లో జనం చప్పట్లు కొడుతుంటే నేను మనవాళ్ళను ఒక్కొక్కరినే గుర్తు పట్టేదాన్ని. అప్పుడు నాకు కోపం రాలేదు. మన ఇంటి మనుషులు చీరలు మార్చుకుని, నగలు పెట్టుకుని లోకంలో తిరుగుతున్నారని సంబరపడ్డాను కూడా.

మరి ఈ సినిమాలో ఏం చేశావు? కొండ మీది తల్లి. జ్వరంతో ఉన్న బిడ్డను డోలీలో వేయించుకుని ఆస్పత్రికి దిగే మనిషి. మన కొండ, మన చీరకట్టు, తెలుగు కాని మన మాట. అసలు వేషమే అక్కర్లేని సినిమా. చిన్నప్పుడు నాకంటే ముందు గట్టెక్కి పైనుంచి నా నెత్తిన ఉసిరికాయలు విసిరినదానివి, తెర మీద అదే గట్టు ఎక్కుతూ రొప్పావు. రాయి పట్టుకుని ఆగావు. మన మాట మాట్లాడబోయి తడుముకున్నావు, సాగదీయకూడని చోట సాగదీశావు. పట్నం మనిషి కష్టపడి నేర్చుకుంటే ఎలా మాట్లాడుతుందో అచ్చం అలా మాట్లాడావు. ఏళ్ళ తరబడి క్రీములు రాసి పోగొట్టుకున్న రంగును డబ్బాలోంచి తీయించి ముఖానికి పూయించుకున్నావు. ఆ తరువాత టీవీలో కూర్చుని, ఆ గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ నడక, వాళ్ళ భాష నేర్చుకున్నానని, వాళ్ళు చాలా అమాయకులని చెప్పావు.

వాళ్ళు అన్నావు, సోనీ.

నువ్వు వేసిన వేషాలన్నిటిలో కష్టమైనది ఇదే అయి ఉంటుంది. పుట్టిన మనిషివి, నేర్చుకున్న మనిషిలా నటించావు. ఎవరూ పట్టుకోలేకపోయారు. నాకు మాత్రం ఆ సినిమా నచ్చలేదు. నీ ప్రశ్నకు జవాబు ఇదే.

షూటింగు నాటి సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నువ్వు ఎత్తవు కనుక నేను ఎత్తుతాను. నువ్వు వచ్చావని తెలిసి అమ్మా నేనూ మన గట్టు కింద వేసిన డేరాల దగ్గరికి వచ్చాం. అమ్మ పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. నువ్వు కుర్చీలో ఉన్నావు, ఒకమ్మాయి నీ మెడకు రంగు పూస్తోంది. ఎవరు వీళ్ళని డైరెక్టరు అడిగాడు. నువ్వు లేచి, చక్కని తెలుగులో, మనకు భాష నేర్పడానికి వచ్చిన ఆవిడ అన్నావు. నన్ను చూపించి ఆవిడగారి అమ్మాయి, ఇక్కడే టీచరు అన్నావు. అమ్మ నీ వైపు చూడలేదు. డైరెక్టరుకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. అది చూడలేక నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. అమ్మ రాలేదు. వాళ్ళు డేరాలు ఎత్తే దాకా రోజూ నీ పక్కన కూర్చుని నీ మాట నీకే నేర్పింది. ముందే ఫోనులో అమ్మను ఒప్పించావని నాకు తరువాత తెలిసింది. నాకు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోనని మీ ఇద్దరికీ తెలుసు.

నీ కారణం నువ్వు రాశావు. మొదట్లో ఒక నిర్మాత నీ ఊరు అడిగి, అడవి పిల్లవని తెలిస్తే బతికినన్నాళ్ళూ గుంపులో గంతులు వేసే వేషాలే ఇస్తారు, విశాఖపట్నమని చెప్పుకో అన్నాడని. నిజమే అయి ఉంటుంది. సోనివని తెలిస్తే నీకు రాణి వేషం ఎవడిస్తాడు, పోలీసు వేషం ఎవడిస్తాడు? నేను కాదనను. ఇరవై ఏళ్ళ పిల్లవు, భయపడ్డావు. ఆ భయం మీద నాకు కోపం లేదు. కానీ ఇప్పుడు నీకు రాని వేషం లేదు, నీ కోసం కథలు రాసేవాళ్ళున్నారు. ఇప్పుడు ఎవరికి భయపడి అమ్మను అమ్మ కాదన్నావు?

ఇంకొకటి కూడా తెలుసుకో. మా ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవంలో రత్న అనే ఎనిమిదో తరగతి పిల్ల నీ డోలీ సీను వేసింది. ఇంట్లో మన మాటే మాట్లాడే పిల్ల. స్టేజీ మీద దాన్ని నీలాగే తడుముకుంటూ, తప్పులతో మాట్లాడింది. మన పిల్లలు మన మాట విని పడీ పడీ నవ్వారు. దిగాక దగ్గరికి పిలిచి, నీకు బాగా వచ్చు కదా, అలా ఎందుకు మాట్లాడావని అడిగాను. ఆ గుంట నా వైపు వింతగా చూసింది.

"సినిమాలో అలగే ఉంది కదా మేడమ్. అలగ మాటాడితేనే బాగుంటాది."

ఆ రోజు నేను భోజనం చేయలేదు.

ఇక నువ్వు అసలు ఎందుకు ఉత్తరం రాశావో అక్కడికి వస్తాను. భాష నేర్పిన ఆవిడను వెతుక్కుంటూ ఎవరో ఛానల్ వాళ్ళు బయల్దేరారట. అమ్మను కొన్నాళ్ళు లంబసింగిలో మేనత్త ఇంటికి పంపమన్నావు. పైపేరాలో అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగి, కిందిపేరాలో ఈ పుష్యమాసపు చలిలో లంబసింగి పంపమన్నావు. చదివి నవ్వు కూడా రాలేదు.

నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. వాళ్ళు అప్పటికే వచ్చి వెళ్ళారు.

అనురాధ అని, మర్యాద తెలిసిన అమ్మాయే. మా క్వార్టరు అరుగు మీద అమ్మ రాజ్మా కాయలు ఒలుస్తుంటే తనూ కింద కూర్చుని నాలుగు ఒలిచింది. భానుశ్రీ గారు ఎలా నేర్చుకున్నారు, ఏం తినేవారు అని అడిగింది. అమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి ఆ అమ్మాయి, ముఖాలు కలుస్తున్నాయని మా కెమెరా అబ్బాయి అంటున్నాడమ్మా, ఆవిడ మీకు ఏమవుతారు అని అడిగింది.

"ఏటీ అవ్వదు," అంది అమ్మ. "అది పెద్ద మనిషి. నాను మాట నేర్పినాను. బేగి నేర్సుకుంది."

చెప్పి నవ్వింది. కాయ ఒలిచే చెయ్యి ఆగలేదు. నాకు మాత్రం డేరా దగ్గర పెట్టిన ఆ నమస్కారం కళ్ళ ముందుకు వచ్చింది. రత్న మాట చెవిలో మోగింది.

"ఈవిడ కడుపున పుట్టిన పిల్ల," అన్నాను. "పేరు సోని. మా నాన్న పేరు మంగ్లు. నేను దాని అప్పను."

కెమెరా తిరుగుతూనే ఉంది. అమ్మ ఒడిలో కాయలు పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేనే చెప్పాను, సోనీ. పొరపాటున నోరు జారలేదు. తెలిసి చెప్పాను. నిన్ను కూడా అడిగి, నీ మాట విన్నాకే వేస్తామని అనురాధ అంది. ఈపాటికి నీకు ఫోను వచ్చి ఉంటుంది. చెప్పినందుకు నేను సిగ్గుపడటం లేదు.

అమ్మ ఎలా ఉందని అడిగావు. ఇంతదాకా రాయలేదు. అమ్మ నా దగ్గర లేదు. మర్నాడు పొద్దున్నే చీరలు మూట కట్టుకుని, జీపెక్కి ఊరికి వెళ్ళిపోయింది. మీ బావతో మాత్రమే చెప్పి వెళ్ళింది. కోపం తగ్గాక వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. నిన్న బడి లేకపోవడంతో నేనే వెళ్ళాను.

కాఫీ తోటలో పండ్లు కోస్తోంది. నేనూ బుట్ట కట్టుకుని పక్క చెట్టు దగ్గర నిలబడ్డాను. చాలాసేపు ఇద్దరం పరాయి కూలీల్లా కోశాం. నన్ను అబద్ధం చెప్పమంటావా అమ్మా, అని చివరికి నేనే అన్నాను. అమ్మ కొమ్మ వంచి పట్టుకునే మాట్లాడింది. అన్నది మన మాటలోనే, దానికి రాత లేదు కనుక తెలుగు చేసి రాస్తున్నాను.

"అది నాతోటి మన మాట ఆడి ఎన్నేళ్ళయిందో నీకెరికా? ఫోన్ల తెలుగే. మీ నాయిన పోయిన్నాడు ఏడుసుకుంటా సేసిన ఫోనూ తెలుగే. ఆ సినిమావోళ్ళు ఉన్నన్నాళ్ళు పొద్దుటేల్నించి నా పక్కన కూకోని మన మాటే ఆడింది. తప్పుగా ఆడింది, నాను దిద్దినాను. మల్లీ ఆడింది. ఆళ్ళకి నన్ను ఏటని సెప్పుకుంటే నాకేటి?"

అది మరి నిజం కాదు కదా అన్నాను.

"నువ్వు నిజమే సెప్పినావు. నాను కాదంతన్నానా? ఆ నిజం పుచ్చుకుని అదింక ఈ కొండెక్కదు. ఇంకో సినిమా వచ్చినా ఎక్కదు. సిగ్గుకి సస్తాది. దాని సంగతి నాకు తెల్దా?"

అని కొమ్మ వదిలేసి ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళింది. తన తరఫున నేను నీ మీద ఎంత కోపం మోశానో, దాన్ని అమ్మ లెక్కలోకి తీసుకోలేదు. నువ్వు తన పేరు చెప్పుకోనందుకు అమ్మకు బాధ లేదు. నేను చెప్పినందుకు బాధ. ఊరు దాటే దాకా ఏడుస్తూనే నడిచాను. అది నీ కోసం కాదు.

అందుకని ఇది రాస్తున్నాను. నిన్ను క్షమించి రాయడం లేదు. నువ్వు రాకపోతే అమ్మ మాట నిజమవుతుంది. నా నోటి వల్లే చిన్నకూతురు దూరమైందని అమ్మ బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. అది నేను మోయలేను.

అనురాధకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. అవునని చెప్పే ధైర్యం ఉంటే చెప్పు. లేకపోతే ఆ టీచరు ఎవరో నాకు తెలియదు, పేరు కోసం అబద్ధాలాడుతోందని చెప్పు. ఆ మాట టీవీలో వస్తుంది, మా బడిలో పిల్లలూ టీచర్లూ చూస్తారు, నేను అందరి ముందూ అబద్ధాలకోరునవుతాను. అయినా మళ్ళీ నోరు విప్పను. మీ బావ చేత కూడా విప్పించను. ఇంతకంటే పెద్దది నా దగ్గర ఇంకేదీ లేదు, ఇదే ఇస్తున్నాను.

బదులుగా రా. కెమెరాలు, రంగులమ్మాయిలు లేకుండా ఒక్కదానివే రా. వచ్చి తోటలో అమ్మ పక్కన నిలబడి మన మాట మాట్లాడు. తప్పులు లేకుండా మాట్లాడు. తెల్లారేది మొదలు అమ్మ మాట్లాడాలనుకున్నంతసేపు మాట్లాడు. నువ్వు ఉన్నన్నాళ్ళూ నేను ఊరి ఛాయలకు రాను. నాతో మాట్లాడక్కర్లేదు.

ఇట్లు,
అమ్మ అలిగి వెళ్ళిన ఇంట్లోంచి,
నీ అప్ప
గంగ