కొత్త పిడి, పాత బ్రేకు

ఏమండీ, మీ మౌంటెన్ బైకు ఎక్కకండి! తాళంచెవి నాతో ఆఫీసుకు తీసుకెళ్తున్నాను.

తిన్నని హ్యాండిల్ పీకేసి మీరు ముచ్చటపడి బిగించిన వంపు హ్యాండిల్ కదా అని, పొద్దున సందులో ఒక చుట్టు తొక్కాను. మలుపులో బ్రేకు నొక్కితే, ఆ హ్యాండిల్‌తో వేసిన కొత్త బ్రేకు పిడి మొత్తం లోపలికి వచ్చేసింది, బండి మాత్రం ఆగలేదు! పక్కింటి పూలకంచె ఆపింది. దెబ్బలేం తగల్లేదు లెండి.

మీ తమ్ముడికి ఫోన్ చేస్తే, “కొత్త పిడులు ఈ పాత బ్రేకుల్ని సరిపడా లాగలేవు వదినా! అన్నయ్య ఈడూజోడూ చూడకుండా పెళ్లి చేసేశాడు” అని ఒకటే నవ్వు. ఆదివారం కంకర దారిలో ఆ వాలంతా మీరు దీనిమీదే దిగాలనుకున్నారు! సరైన బ్రేకులు వేసేదాకా తాళంచెవి అడగొద్దు.

అన్నట్టు, కంచె తగిలేలోపు మాత్రం గాల్లో తేలినట్టుంది. నా సైకిల్‌కూ అలాంటిదే బిగించరూ? ముందు బ్రేకులు, తర్వాతే హ్యాండిల్!