గోరింటాకు కాని రంగు

లాలాబీ ఆపాకు, ఆదోని నుంచి నీ చెల్లెలి సలాం.

నా చేతి బొల్లి మచ్చలో, వెంట్రుకల మొదళ్ల దగ్గర, నా పాత రంగు తిరిగి మొలుస్తోంది. ఎవరో కనపడకుండా గోరింటాకు చుక్కలు పెట్టి పోతున్నట్టుంది. పొద్దున లేస్తూనే చేయి వెలుగులో పెట్టి ఆ చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాను.

అయినా, నీ కూతురు ముస్రత్ నిఖా లోపల మచ్చ పోవాలని నువ్వడిగిన మాత్రలు, నేను మింగుతున్నవి, పంపను. అవి మింగాక కాసేపు ఎండ తగలాలి. ఎంత ఎండైతే అంత రంగని, నేను మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ ఉండిపోయాను. చేయంతా బొబ్బలెక్కింది.

"ఎండ జాస్తి అయితే తోలు కాల్తాదమ్మా. నల్లద్దాలు లేకుంటే కండ్లకూ మోసమే" అని డాక్టరు గదిమాడు.

ముస్రత్ మచ్చ కంటి పక్కనే కదా. పిల్లను ఆయనకే చూపిద్దాం, తీసుకుని రా.

గోరింటాకు ఒక్క రాత్రికి పండుతుంది. ఇది పెళ్లి తేదీ చూసుకుని రాదు ఆపా. కానీ పండుతోంది, వచ్చి నా చేయి చూడు.