అద్దాల బీరువా ఉన్న చోట

ఫత్హీ,

ఇంట్లోకి రాగానే కంగారు పడకు, దొంగలెవరూ పడలేదు. అద్దాల బీరువా నేనే ఇచ్చేశాను. కింద ఇంటివాళ్ళు వాళ్ళమ్మాయి పెళ్ళి సామానులోకి పట్టుకెళ్ళారు. పళ్ళేలు మాత్రం ఇవ్వలేదు, పరుపు మీద పేర్చాను. మన పెళ్ళైనప్పటి నుంచి అద్దం వెనకే ఉన్నాయి కదా, దుమ్ము పోయేలా కడిగి తుడువు. ఇవాళ వాటిలోనే తింటాం.

తర్వాత పరుపు చుట్టి బాల్కనీలో పెట్టు. గోడకి తగిలించిన పొట్టి గుండ్రబల్ల దించి మధ్యలో వెయ్యి. మీ చెల్లెలూ మొగుడూ కింద కూర్చుంటారు, వాళ్ళకి అలవాటే. వంకాయల్లో బియ్యం కూరి వండేశాను, తినే ముందు వేడి చేస్తే చాలు.

పోయినసారిలా గుమ్మంలో నిలబడి "ఇల్లు ఇరుకు, ఏమనుకోకండి" అని అందరికీ చెప్పకు. వాళ్ళేమీ అనుకోరు. నాకే మనసు చివుక్కుమంటుంది.

బీరువా ఉన్న చోట ఎత్తు కుర్చీ వేశాను. అది అత్తమ్మకి. ఆ మోకాళ్ళతో కింద కూర్చోలేదు, మనకేమో కుర్చీకి చోటు లేదు. వచ్చినప్పుడల్లా "నేనెక్కడ కూర్చోనమ్మా, వెళ్తా" అని గుమ్మంలోంచే వెళ్ళిపోతోంది. షుబ్రాలో వాళ్ళింటికి వెళ్ళి నువ్వే తీసుకురా. మైక్రోబస్సు ఎక్కించకు, టాక్సీ మాట్లాడు. నేను ఆసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా వచ్చేస్తా.

నజ్లా

బీరువా కొన్నది మా అమ్మ కాబట్టి ఆవిడకి నేను చెప్పుకుంటా, నువ్వు కల్పించుకోకు. వంకాయల్లో ఉప్పు తక్కువైందని అత్తమ్మ అంటుంది. అననీ. ఇన్నాళ్ళకి మనింట్లో కూర్చుని అంటుంది.