మాట్లాడని కంప్యూటర్ ముందు ఫొటో

మరిపెడ

కార్యదర్శి నరేందర్ గారికి,

మీ ట్రస్టు నడిపే శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. నాకు చూపు లేదు. ఇక్కడి కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది. అది వినిపిస్తేనే నేను పని చేయగలను.

కొత్త సౌండ్ కార్డు వేసిన నాటి నుంచి ఆ గొంతు ఆగిపోయింది. చెబితే మీ శిక్షకుడు అరవింద్, "మంచిగనే నడుస్తుంది గదక్కా, తెర మీద అన్నీ కనబడుతున్నయి" అన్నాడు. ఎవరికి కనబడుతున్నాయండీ?

చివరికి నేను చెబుతుంటే, నాతో చదివే యమున తెర చూసి సెట్టింగులు మార్చింది. శబ్దమంతా స్పీకర్లే లేని మానిటర్‌కు పోతోందట. కొత్త కార్డును ఎంచి, మ్యూట్ తీసి, పరీక్ష నడిపాం. ముందు ఎడమ స్పీకర్, తర్వాత కుడి స్పీకర్ పలికాయి. ఇద్దరం చప్పట్లు కొట్టాం.

మర్నాడు వెళ్లేసరికి స్పీకర్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. "నీ కంప్యూటర్ లొల్లికి అందరు పరేషాన్ అయితున్నరు" అన్నాడు అరవింద్. హెడ్‌ఫోన్లు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అంతలో మీరు పత్రికల వాళ్లతో వచ్చారు. నన్ను ఆ కంప్యూటర్ ముందే కూర్చోబెట్టారు. "సౌండ్ వస్తలేదు సార్" అన్నాను. "జర నవ్వమ్మా, ఫొటో కోసమే గద" అన్నారు మీరు. టైప్ చేయమన్నారు, చేశాను.

స్పీకర్లు వెంటనే ఇప్పించండి.

ఆ ఫొటో మీ ఆఫీసు గోడకు పెట్టారని తెలిసింది. తెర మీది అక్షరాలు అందులో స్పష్టంగా కనిపిస్తున్నాయని యమున చెప్పింది. మీరూ ఒకసారి దగ్గరగా వెళ్లి చదవండి. "ఇది మాట్లాడదు, వీళ్లు వినరు" అని రాశాను.

ఇట్లు,
ఆ ఫొటోలో నవ్వని మనిషి